వై నెత్తిన ఆ గుర్తు ఏమిటి సార్?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు చదువుతుంటే ఒకే ఉత్తరం మూడు ఊళ్ల నుంచి వచ్చినట్టు అనిపించింది. అనంతపురం, ప్రొద్దుటూరు, కర్నూలు. ముగ్గురూ రిగ్రెషన్ లెక్క (డేటా చుక్కలకు వీలైనంత దగ్గరగా ఒక గీత వేసే లెక్క) సరిగ్గానే చేశారు, గుర్తుల దగ్గర తడబడ్డారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ మూడింటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: నమస్కారం సార్. నేను అనంతపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మా ఊరి వానకూ శెనక్కాయ దిగుబడికీ మధ్య రిగ్రెషన్ గీత వేసి ప్రాజెక్టు ఇచ్చాను. అసలు దిగుబడిలోంచి గీత చెప్పిన దిగుబడి తీసేసి, ఆ తేడాల పట్టిక మీద 'ఎప్సిలాన్' అని రాశాను. వైవాలో దాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి రెండు మార్కులు తగ్గించారు, ఎందుకో చెప్పలేదు. ఒక పుస్తకంలో ఎప్సిలాన్ ఉంది, ఇంకోదాంట్లో యూ ఉంది, క్లాసు నోట్సులో చిన్న ఈ ఉంది. అన్నీ ఒకటే కదా? వై నెత్తిన ఆ గుర్తు కూడా ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. పరీక్షలు దగ్గరికొచ్చాయి, టెన్షన్‌గా ఉంది. (పీజీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: అమ్మా, ఆ రెండు మార్కులు తీసేయడం న్యాయమే. కారణం చెప్పకుండా కొట్టేయడం మాత్రం న్యాయం కాదు, ఎందుకంటే ఈ సబ్జెక్టు మొత్తంలో తెలుసుకోవలసిన ముఖ్యమైన సంగతి సరిగ్గా ఆ ఎర్ర గీత కిందే ఉంది.

ముందు మీ ఊరి చేను దగ్గరికి వెళ్దాం. వానకూ దిగుబడికీ మధ్య ఒక అసలు సంబంధం ఉందనుకుంటాం, దానికి ఒక అసలు గీత ఉందనుకుంటాం. ఆ గీత ఎక్కడుందో మీకు తెలియదు, నాకు తెలియదు, చూసినవాళ్లు ఎవరూ లేరు. ఆ గీత మొదలయ్యే చోటుకు బీటా సున్నా, దాని వాలుకు బీటా ఒకటి అని పేర్లు పెట్టుకున్నాం. ఏ ఏడాదైనా అసలు దిగుబడి ఆ గీత మీద కచ్చితంగా పడదు, ఎందుకంటే దిగుబడిని తేల్చేది మొత్తం వాన ఒక్కటే కాదు. అదే ముప్పై సెంటీమీటర్లు ఊడలు దిగే సమయంలో కురిస్తే ఒక పంట, అప్పుడు బెట్ట పెట్టి ఆ తర్వాత కురిస్తే ఇంకో పంట అని మీ నాన్నగారికి ఎవరూ చెప్పక్కర్లేదు. విత్తనం, తెగులు, పురుగు, నేల లోతు, ఇవన్నీ కలిసి ఆ ఏడాది దిగుబడిని అసలు గీత నుంచి పైకో కిందికో లాగుతాయి. ఆ లాగుడే ఎప్సిలాన్. తెలుగులో దోషం అంటారు. దాన్ని మీరు కొలవలేరు, ఎందుకంటే అది ఏ గీత నుంచి దూరమో ఆ గీతే మీ దగ్గర లేదు.

మీ దగ్గరున్నది మీరు గీసిన గీత. ఆ గీత నుంచి తేడా మీ చేతిలో ఉంది, దాన్ని అంకెల్లో రాయొచ్చు. దాని పేరు రెసిడ్యువల్, తెలుగులో అవశేషం, గుర్తు చిన్న ఈ. మీరు పట్టికలో రాసినవి చిన్న ఈలు, పైన పెట్టిన పేరు ఎప్సిలాన్. అంకె వేయగలిగారంటేనే అది ఎప్సిలాన్ కాదు.

ఇక నెత్తిన గుర్తు సంగతి. టోపీలా ఉండే ఆ ^ గుర్తును హ్యాట్ అంటారు, వై హ్యాట్ అని పలుకుతారు. చిన్నప్పుడు పలక మీద గుణింతం దిద్దేటప్పుడు తలకట్టు తీసి గుడి పెడితే 'క' కాస్తా 'కి' అయిపోయేది, గుర్తుందా? నెత్తిన ఉన్నదాన్ని పట్టించుకోకపోతే అక్షరమే మారిపోతుంది. ఇక్కడా అంతే. హ్యాట్ లేని వై అంటే చేలో నిజంగా వచ్చిన దిగుబడి. హ్యాట్ ఉన్న వై అంటే మన గీత చెప్పిన దిగుబడి. హ్యాట్ లేని బీటా అసలు గీతది, హ్యాట్ ఉన్న బీటా మనం డేటా నుంచి లెక్కగట్టింది. కొన్ని పుస్తకాలు బీటా హ్యాట్ అని రాసేచోట మామూలు బి అని రాస్తాయి, అప్పుడు బీ, చిన్న ఈ డేటా నుంచి వచ్చినవి, బీటా, ఎప్సిలాన్ మనకు కనబడనివి. ఎకనమెట్రిక్స్ పుస్తకాలు ఎప్సిలాన్ బదులు యూ వాడి, అవశేషానికి యూ హ్యాట్ అని రాస్తాయి. గుర్తులు పుస్తకం పుస్తకానికీ మారతాయి, ఈ రెండు జాతులు మారవు. ఏ పుస్తకం తెరిచినా మొదటి పది పేజీల్లో ఏ గుర్తు ఏ జాతిదో పెన్సిల్‌తో అట్ట లోపల రాసుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

మాటలతో సరిపోదు కాబట్టి లెక్క చేద్దాం. మీరు పంపిన అంకెల్లో దశాంశాలు చాలా ఉన్నాయి, చేత్తో తేలే అంకెలు నేనే వేసుకుంటున్నాను, ఇవి ఏ ఊరివీ కావు. ఐదేళ్ల వాన 20, 25, 30, 35, 40 సెంటీమీటర్లు అనుకోండి. ఎకరాకు దిగుబడి 4, 6, 9, 8, 8 మూటలు. వాన సగటు 30, దిగుబడి సగటు 7. అవశేషాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా గీత వేయడాన్ని కనిష్ఠ వర్గాల పద్ధతి అంటారు. ఒక్కో ఏడాది వాన, దిగుబడి తమ సగటుల నుంచి ఎంత తేడానో ఆ రెంటినీ గుణించి కూడితే 50, వాన తేడాల వర్గాలు కూడితే 250. వాలు 50 భాగించు 250, అంటే 0.2. గీత మొదలయ్యే చోటు 7 లోంచి 0.2 సార్లు 30 తీసేస్తే 1. అంటే వై హ్యాట్ = 1 + 0.2 ఎక్స్, ఎక్స్ అంటే వాన. ఒక సెంటీమీటరు వాన పెరిగితే మూటలో ఐదో వంతు పెరుగుతుందని గీత చెబుతోంది. ఐదేళ్లకు వై హ్యాట్‌లు 5, 6, 7, 8, 9. అసలు దిగుబడిలోంచి వీటిని తీసేస్తే అవశేషాలు -1, 0, +2, 0, -1. ఎప్పుడూ అసలు లోంచి అంచనా తీసేయాలి, తిరగేస్తే ప్లస్ మైనస్‌లు తారుమారవుతాయి. ప్లస్ అంటే గీత చెప్పినదానికంటే చేను ఎక్కువ ఇచ్చిందని అర్థం.

ఇప్పుడు ఈ ఐదు అంకెలను దగ్గరగా చూడండి. కూడితే సున్నా. ఒక్కోదాన్ని దాని వానతో గుణించి కూడినా (-20, 0, 60, 0, -40) సున్నాయే. ఇది యాదృచ్ఛికం కాదు, కనిష్ఠ వర్గాల గీత ఏదైనా ఈ రెండు షరతులకూ లోబడే ఉంటుంది. కాబట్టి మీరు మొదటి మూడు అవశేషాలు చెబితే చాలు, మిగతా రెండూ నేను కాగితం మీద తేల్చేస్తాను: మొదటి మూడింటి మొత్తం 1, కాబట్టి చివరి రెండూ కలిసి -1 కావాలి, 35తోనూ 40తోనూ గుణించి కూడితే -40 కావాలి, ఆ రెండు సమీకరణాలకూ సరిపోయేవి 0, -1 తప్ప ఇంకేవీ లేవు. అంటే ఐదు అవశేషాల్లో స్వేచ్ఛ ఉన్నవి మూడే. దోషాలకు ఈ కట్టుబాటు లేదు. ఆ ఐదేళ్ల తెగుళ్లూ బెట్టలూ కలిపి సున్నా కావాలని ఎవరూ వాటికి చెప్పలేదు కదా. అవశేషాల వర్గాల మొత్తం 6ను ఐదుతో కాకుండా మూడుతో భాగించి 2 అని రాసేది ఇందుకే. ఎన్ మైనస్ రెండు (ఎన్ అంటే ఎన్ని చుక్కలున్నాయో ఆ అంకె) అని బట్టీ పట్టిస్తారే, అందులో ఉన్న రెండు ఆ రెండు షరతులే. అదే సూత్రం కొన్ని పుస్తకాల్లో ఎన్ మైనస్ పీ అనీ, కొన్నిట్లో ఎన్ మైనస్ కే మైనస్ ఒకటి అనీ కనబడి భయపెడుతుంది. పీలో బీటా సున్నాను కలిపి లెక్కపెట్టారు, కేలో కలపలేదు, అంతే తేడా.

ఇంకో సంగతి, ఇది వైవాలో అడుగుతారు. అసలు దోషాలన్నిటికీ ఒకే వేరియన్స్ (ఎంత చెదురుతాయో చెప్పే కొలత) ఉందని మనం అనుకున్నా, అవశేషాలకు ఒకే వేరియన్స్ ఉండదు. చివర్లో ఉన్న చుక్కలు గీతను తమ వైపు లాక్కుంటాయి, అందుకని వాటి అవశేషాలు చిన్నవిగా కనబడతాయి. ఆ లాగే బలాన్ని లెవరేజ్ అంటారు. మన లెక్కలో రెండు చివరలకూ అది 0.6, మధ్య చుక్కకు 0.2. ఐదూ కూడితే 2 వస్తుంది, మనం కట్టిన బీటాలు రెండు కదా. ఈ లెవరేజ్ దొరికే మాత్రికను (మ్యాట్రిక్స్‌ను) హ్యాట్ మాత్రిక అంటారు, వైతో గుణిస్తే వై నెత్తిన హ్యాట్ పెడుతుంది కాబట్టి ఆ పేరు. అవశేషాన్ని ఈ బలానికి తగ్గట్టు సవరిస్తే (ఒకటిలోంచి లెవరేజ్ తీసేసి, పైన వచ్చిన 2తో గుణించి, దాని వర్గమూలంతో అవశేషాన్ని భాగిస్తే) చివరి చుక్క -1 కాస్తా -1.12 అవుతుంది, మధ్య చుక్క +2 ఏమో 1.58 అవుతుంది. పైకి చూస్తే మధ్యది రెండింతలు పెద్దది, సవరించాక ఒకటిన్నర రెట్లు కూడా లేదు. ఏ ఏడాది తేడాగా ఉందని ప్రాజెక్టులో రాసేముందు ఈ సవరించిన అంకెలే చూడండి.

ఇంత పనీ ఎందుకంటే, అవశేషాల్లోనే చేను ఇంకా ఏదో చెబుతోంది. మైనస్, సున్నా, ప్లస్, సున్నా, మైనస్. మధ్యలో ఉబ్బి రెండు చివరలా కుంగింది. వాన తక్కువైనా గీత ఎక్కువ చెప్పింది, మరీ ఎక్కువైనా ఎక్కువే చెప్పింది. నిజమైన డేటాలో ఇలా కనబడితే సరళరేఖ సరిపోలేదని, వంపు కావాలని అర్థం. కాయ ముదిరాక వాన పడితే తీగకే మొలకెత్తిపోయే పంట ఇది, ఎంత వాన పడితే అంత దిగుబడి అని ఏ రైతూ అనడు. ఐదు చుక్కలతో తీర్పు చెప్పలేం, మీ దగ్గరున్న ఏళ్లన్నిటితో గీసి చూడండి. గీసేటప్పుడు అవశేషాలను వై హ్యాట్ ఎదురుగానో ఎక్స్ ఎదురుగానో పెట్టండి. హ్యాట్ లేని వై ఎదురుగా పెడితే ఎంత మంచి గీతకైనా చుక్కలు పైకి ఏటవాలుగానే కనబడతాయి. మన లెక్కలో అవశేషాలకూ వై హ్యాట్‌కూ సహసంబంధం సున్నా, వైతో మాత్రం 0.61. అది చూసి ఏదో లోపం దొరికిందని రాసిన ప్రాజెక్టులు నేను చాలా దిద్దాను.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. హ్యాట్ ఉన్న అంకె శాంపిల్ మారితే ఊగుతుంది. పక్షపాతం లేని (సగటున అసలు విలువనే చెప్పే) పద్ధతి ఏది వాడినా ఆ ఊగును ఒక హద్దు కంటే తగ్గించలేమని 1945లో చూపించినవారు సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు. ఆయన పుట్టిన హడగలి అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది, మన అనంతపురం, కర్నూలు, కడపలతో కలిపి దత్తమండలాలు అన్నారే, ఆ బళ్లారి. 1920లో పుట్టి 2023లో కన్నుమూశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదువుకున్న ఆ తెలుగాయన పేరు మీ సిలబస్‌లో, అదే హద్దును విడిగా చూపిన క్రామర్ పేరు పక్కన ఉంటుంది. చదివేటప్పుడు హడగలి గుర్తు తెచ్చుకోండి.

ప్రశ్న: సార్, మా ఇంట్లో బోరు మోటారు తిరిగిన గంటలు, మీటరులో కాలిన యూనిట్లు రెండు నెలలు రాసుకున్నాను. మోటారు తిరగకపోతే కరెంటు కాలదు కదా అని ఎక్సెల్‌లో 'కాన్‌స్టంట్ ఈజ్ జీరో' మీద టిక్ పెట్టాను. ఆర్ స్క్వేర్ బాగా పెరిగింది, సంతోషపడ్డాను. కానీ అవశేషాలు కూడితే సున్నా రావట్లేదు. ఎక్సెల్ తప్పా, నాది తప్పా? (బీటెక్ విద్యార్థి, ప్రొద్దుటూరు)

జవాబు: ఎవరిదీ తప్పు కాదు నాయనా. అవశేషాల మొత్తం సున్నా కావాలన్న షరతు బీటా సున్నా నుంచే పుడుతుంది. టిక్ పెట్టి దాన్ని తీసేశావు, షరతు కూడా పోయింది. ఎక్స్‌తో గుణించి కూడితే సున్నా అనే రెండో షరతు మాత్రం అలాగే ఉంది, కావాలంటే చేసి చూడు.

నాకు కంగారు పుట్టించింది నీ సంతోషం. పైన అమ్మాయికి చేసిన లెక్కే తీసుకో. బీటా సున్నా ఉన్నప్పుడు అవశేషాల వర్గాల మొత్తం 6, ఆర్ స్క్వేర్ (వై చెదురులో గీత చెప్పగలిగిన వాటా) 0.625. గీతను బలవంతంగా సున్నా గుండా పంపితే వాలు 0.2316 అవుతుంది, అవశేషాల మొత్తం 0.26, వాటి వర్గాల మొత్తం 6.26. అంటే గీత కొంచెం చెడింది. కానీ ఎక్సెల్ చూపించే ఆర్ స్క్వేర్ 0.976! చెడిన గీతకు అంత మంచి మార్కు ఎలా వచ్చిందంటే, కొలిచే కర్ర మారింది. మామూలుగా వై తన సగటు నుంచి ఎంత చెదిరిందో దానితో పోలుస్తారు, అది 16. టిక్ పెట్టాక సున్నా నుంచి ఎంత దూరమో దానితో పోలుస్తారు, అది 261. ఆరు చిల్లరను 261 పక్కన పెడితే ఏమీ లేనట్టే కనబడుతుంది. ఈ రెండు ఆర్ స్క్వేర్‌లను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు, పేరు ఒకటే అయినా.

నీ మోటారు విషయంలో సున్నా గుండా పంపడానికి మంచి కారణమే ఉంది, కాదనను. అయినా ముందు టిక్ లేకుండా చేసి బీటా సున్నా హ్యాట్ ఎంత వస్తుందో, అది సున్నాకు ఎంత దగ్గరో చూడు. అదే మీటరు మీద పశువుల పాకలో బల్బు ఒకటి వెలుగుతూ ఉంటే ఆ సంగతి బీటా సున్నాలో బయటపడుతుంది, టిక్ పెడితే అది వాలులోకి దూరి మోటారు ఖాతాలో పడుతుంది. వాలును రెండు దశాంశాలకు కుదించి అవశేషాలు కట్టినా మొత్తం సున్నా రాదు, అది వేరే సంగతి, చివరిదాకా కుదించకుండా కట్టు.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను సార్. ఎస్‌ఎస్‌ఆర్ విలువ అడిగితే 10 అని పెట్టాను, కీలో 6 ఉంది. నా పుస్తకం ప్రకారం నాదే కరెక్టు. ఎవరిని నమ్మాలి? ఇంకోటి, తెలుగు అకాడమీ పుస్తకంలో రిగ్రెషన్‌ను ప్రతిగమనం అన్నారు, ఇందులో వెనక్కి వెళ్లేది ఏముంది? (నిరుద్యోగి, కర్నూలు)

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతోంది, ఎందుకంటే ఇక్కడ తప్పు నిజంగా గుర్తులదే. ఎస్‌ఎస్ అంటే సమ్ ఆఫ్ స్క్వేర్స్, వర్గాల మొత్తం. ఎస్‌ఎస్‌ఆర్‌లో ఆర్ అంటే కొన్ని పుస్తకాలకు రిగ్రెషన్, కొన్నిటికి రెసిడ్యువల్. ఈఎస్‌ఎస్‌లో ఈ అంటే కొందరికి ఎక్స్‌ప్లెయిన్డ్, కొందరికి ఎర్రర్. ఆర్‌ఎస్‌ఎస్ ఎక్కువగా రెసిడ్యువల్‌కే వాడతారు. మీరు రాసిన అంకెలు చూస్తే మన ఉదాహరణకు సరిగ్గా సరిపోయాయి: మొత్తం చెదురు 16, అందులో గీత చెప్పగలిగింది 10, మిగిలింది 6. ఎస్‌ఎస్‌ఆర్ ఒక పుస్తకంలో 10, ఇంకోదాంట్లో 6, రెండూ అచ్చులో ఉన్నాయి. పరీక్షలో ప్రశ్న మళ్లీ చదవండి, ఎక్కడో ఒకచోట పూర్తి పేరో, ఎస్‌ఎస్‌ఈ అనో ఇచ్చి ఉండొచ్చు. పక్కన ఎస్‌ఎస్‌ఈ కూడా ఉంటే చాలావరకు ఆ ఈ ఎర్రర్‌ది, ఎస్‌ఎస్‌ఆర్ రిగ్రెషన్‌ది; కొన్ని ఎకనమెట్రిక్స్ పుస్తకాల్లో మాత్రం ఎస్‌ఎస్‌ఈలో ఈ అంటే ఎక్స్‌ప్లెయిన్డ్, ఎస్‌ఎస్‌ఆర్ అంటే మిగిలింది. ఎస్‌ఎస్‌ఈ లేకుండా ఈఎస్‌ఎస్, ఎస్‌ఎస్‌ఆర్ రెండూ ఉంటే అది ఎకనమెట్రిక్స్ అలవాటు, అక్కడ ఎస్‌ఎస్‌ఆర్ అంటే మిగిలింది. ఏదీ ఇవ్వకుండా మూడక్షరాలు పడేసి ఊరుకుంటే ఆ ప్రశ్న మీద అభ్యంతరం రాయండి, గడువులోగా, రెండు పుస్తకాల పేజీలు జతచేసి. మొహమాటపడొద్దు. ఒక్క మార్కుతో ఉద్యోగాలు పోతున్న కాలం ఇది.

పేరు సంగతి. 1886లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తునూ ఎదిగిన పిల్లల ఎత్తునూ పోల్చాడు, 205 జంటలు, 928 మంది పిల్లలు. ఆడవాళ్ల ఎత్తును 1.08తో గుణించి మగవాళ్ల ఎత్తుకు సమం చేసుకున్నాడు. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు పొడుగే, కానీ సగటున అంత పొడుగు కాదు. పొట్టివాళ్ల పిల్లలూ అంత పొట్టి కాదు. తల్లిదండ్రులు సగటు నుంచి మూడంగుళాలు పైన ఉంటే పిల్లలు సగటున రెండంగుళాలు పైన ఉన్నారు. సగటు వైపు తిరిగి రావడం అనే అర్థంలో ఆయన రిగ్రెషన్ అన్నాడు, ఆయన గీత వాలు మూడింట రెండు వంతులు. ఆ గీతకు పెట్టిన పేరు ఆ తర్వాత అన్ని గీతలకూ అంటుకుపోయింది, మూటలూ సెంటీమీటర్లూ ఉన్న మన శెనక్కాయ గీతకు కూడా. కనిష్ఠ వర్గాల పద్ధతి అంతకు చాలా ముందే ఉంది, 1805లో లెజాండర్ తోకచుక్కల దారులు కట్టడానికి అచ్చువేశాడు. అందులో వెనక్కి వెళ్లేది ఏమీ లేదు.